మెరిలీ వాట్కిన్స్ నవలలు, వాటి వెనకున్న చర్చి ప్రపంచం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి దెయ్యాల కథలా, డిటెక్టివ్ నవలలా?

రెండూ. ఇంగ్లండు పడమటి అంచున, వేల్స్‌కు ఆనుకుని హెరిఫర్డ్‌షైర్ అనే పల్లె జిల్లా ఉంది. ఆపిల్ తోటలు, సైడర్ అనే ఆపిల్ సారా, ఎర్రమట్టి పొలాలు, నల్లటి దూలాల మధ్య తెల్లసున్నం వేసిన పాత ఇళ్లు. ఆ జిల్లాలో లెడ్వర్డైన్ అనే ఊరిని కల్పించి, ఆ ఊరి చర్చికి మెరిలీ వాట్కిన్స్ అనే పాస్టరమ్మను తీసుకొచ్చాడు రచయిత ఫిల్ రిక్‌మన్. ఆమె భర్త చనిపోయాడు, ఎదిగే వయసు కూతురుంది, సిగరెట్ మానలేదు. ఊరి చర్చితో పాటు డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) మొత్తానికి ఎక్సార్సిస్టు, అంటే దయ్యాలను వెళ్లగొట్టే పాదిరి, బాధ్యత కూడా ఆమె నెత్తిన పడుతుంది. ప్రతి నవలలోనూ ఒక నేరం ఉంటుంది, దాని పక్కనే అంతుచిక్కని సంగతి ఒకటి ఉంటుంది. నేరాన్ని పోలీసులు సాక్ష్యాలతో తేలుస్తారు. రెండోదానికి ఆమె చేయగలిగింది ప్రార్థన ఒక్కటే, అది పనిచేసిందో లేదో చాలాసార్లు ఆమెకే తెలియదు.

ఈ రెండింటినీ కలిపేయకపోవడమే ఈ నవలల బలం. కనపడనిదాన్ని చూపించి ఎవరి మీదా నేరం మోపరు. ఈ పేజీలో చాలా జవాబులు చివరికి అక్కడికే వస్తాయి.

ఏ వరుసలో చదవాలి?

వచ్చిన వరుసలో చదవడమే మంచిది. మొదటిది 'ది వైన్ ఆఫ్ ఏంజెల్స్', 1998. మెరిలీ కొత్తగా ఊళ్లోకి రావడం, ఆపిల్ తోట, పాత కక్షలు అందులో ఉంటాయి. ఎక్సార్సిస్టు పని ఇంకా మొదలు కాదు. అది మొదలయ్యేది రెండోదైన 'మిడ్‌వింటర్ ఆఫ్ ది స్పిరిట్'లో, 1999. మొదటిది మెల్లగా నడుస్తుంది. వంద పేజీలు చదివినా మనసు పట్టకపోతే పక్కనపెట్టి రెండోది అందుకోండి, నష్టం లేదు. కానీ మొదటిదాన్ని పూర్తిగా వదిలేయకండి. ఊళ్లోవాళ్లు ఒకరినొకరు ఎందుకు అలా చూసుకుంటారో దాంట్లోనే ఉంది.

అక్కణ్ణించి ఐదోదైన 'ది ల్యాంప్ ఆఫ్ ది వికెడ్' వరకు వరుస తప్పొద్దు. అది ఆ జిల్లాలోనే పుట్టిన ఒక నిజ హంతకుడి కేసు నీడలో రాసింది, చాలా బరువైన పుస్తకం. మనుషులతో అప్పటికే పరిచయం ఉంటేనే దాని దెబ్బ తెలుస్తుంది. ఆరోది నుంచి కొంత స్వేచ్ఛ తీసుకోవచ్చు. పుస్తకాల్లో కాలం నెమ్మదిగా కదులుతుందని గుర్తుంచుకోండి. మొదట్లో పదిహేనేళ్లున్న కూతురు జేన్, బయట ఇరవై ఏళ్లు గడిచినా నాలుగైదేళ్లే పెరుగుతుంది. ఫోన్లు మాత్రం మారిపోతుంటాయి.

రిక్‌మన్ 2024 అక్టోబరులో చనిపోయాడు. వేల్స్ సరిహద్దులో రేడియో విలేకరిగా చాలాకాలం పనిచేసిన మనిషి. స్థానిక తగాదాలు, ప్లానింగ్ అనుమతులు, పంచాయతీ స్థాయి రాజకీయాలు ఆయన నవలల్లో అంత కచ్చితంగా ఉండడానికి ఆ విలేకరి బతుకే కారణం.

ముఖ్యమైన మనుషులెవరు?

జేన్ కూతురు. తల్లిది క్రైస్తవం అయితే ఆమెకు చెట్లు, రాళ్లు, పాత దేవతల మీద మక్కువ. లోల్ రాబిన్సన్ ఒకప్పటి సంగీతకారుడు, మానసిక వైద్యుల చేతిలో నలిగి బయటపడినవాడు. గోమర్ ప్యారీ పొక్లెయిన్లు నడిపే ముసలాయన, కాలువలు తవ్వడం, పైపులు వేయడం ఆయన వృత్తి. పల్లెటూళ్లో భూమి కింద ఏముందో తెలిసినవాడు కథకు ఎంత అవసరమో ఆయన్ని చూస్తే అర్థమవుతుంది. ఫ్రానీ బ్లిస్ లివర్‌పూల్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు. సోఫీ, బిషప్ గారి కార్యదర్శి, ఆఫీసు కెథడ్రల్ (బిషప్ ప్రధాన చర్చి) పక్కన గేట్‌హౌస్‌లో. హ్యూ ఓవెన్ అనే పెద్దాయన వేల్స్ కొండల్లో ఉంటూ ఎక్సార్సిస్టులకు శిక్షణ ఇస్తాడు. రెండో నవల నుంచి మెరిలీకి గురువు ఆయనే.

ఇంగ్లండు చర్చిలో ఎక్సార్సిస్టు అనే పదవి నిజంగా ఉందా?

ఉంది, పేరు వేరు. అధికారికంగా 'డెలివరెన్స్ మినిస్ట్రీ' అంటారు. తెలుగు సంఘాల్లో విడుదల పరిచర్య అంటే తెలిసినవారికి మాట కొత్త కాదు గానీ, పద్ధతి బాగా తేడా. సభలు ఉండవు, మైకులు ఉండవు, సాక్ష్యాలు చెప్పించడం ఉండదు.

నియమం పాతదే. 1603 నాటి చర్చి చట్టాల్లో 72వది, బిషప్ లైసెన్సు లేకుండా ఏ పాదిరీ ఉపవాస ప్రార్థనలతో దయ్యాలను వెళ్లగొట్టే ప్రయత్నం చేయకూడదని చెప్పింది. ఆ తర్వాత శతాబ్దాల పాటు చర్చి ఈ విషయాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1960ల్లో మంత్రతంత్రాల మీద జనంలో మోజు పెరుగుతుంటే ఎక్సెటర్ బిషప్ ఒక బృందాన్ని కూర్చోబెట్టాడు, దాని నివేదిక 1972లో అచ్చయింది. ప్రతి డయాసిస్‌కూ శిక్షణ పొందిన ఒక పాదిరి ఉండాలని అది సూచించింది.

రెండేళ్లకే ఘోరం జరిగింది. 1974లో యార్క్‌షైర్‌లో ఒక వ్యక్తి మీద రాత్రంతా ఎక్సార్సిజం చేసి తెల్లవారాక ఇంటికి పంపారు. అతను ఇంటికెళ్లి భార్యను చంపాడు. మతిస్థిమితం లేదన్న కారణంతో కోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చింది. దేశమంతా చర్చి మీద మండిపడింది. 1975లో బిషప్పులు ఇచ్చిన మార్గదర్శకాలు ఆ చావు తర్వాత వచ్చినవే, ఇప్పటికీ పునాది అవే. వైద్యులతో కలిసి పనిచేయాలి. ప్రార్థన, సంస్కారాల మధ్యే జరగాలి. ప్రచారం వీలైనంత తక్కువ ఉండాలి. బిషప్ అనుమతించిన అనుభవజ్ఞులే చేయాలి. తర్వాత ఆ మనిషిని వదిలేయకుండా కాపరిగా చూసుకోవాలి.

మెరిలీ నవలల్లో ఏ ఘట్టం తీసుకున్నా ఈ ఐదింటిలో ఒకటి తెగిపోయే ప్రమాదంలో ఉంటుంది. పత్రికలవాళ్లు వాసన పడతారు, బిషప్ తొందరపెడతాడు, డాక్టరు చేతులెత్తేస్తాడు. ఉత్కంఠ పుట్టేది అక్కడే.

ఆడవాళ్లు ఎప్పటినుంచి చేస్తున్నారు?

ఇంగ్లండు చర్చిలో మహిళలను పాదిరీలుగా అభిషేకించడానికి 1992 నవంబరు 11న చర్చి పాలక సభ అయిన సినడ్ ఓటు వేసింది. 1994 మార్చి 12న బ్రిస్టల్ కెథడ్రల్‌లో 32 మందికి మొదటి అభిషేకం జరిగింది. అంటే మెరిలీ మొదటి నవల వచ్చేసరికి పాస్టరమ్మ అనే మనిషికి నాలుగేళ్లే. మాకు ఆడ పాదిరి వద్దని తీర్మానం చేసుకునే హక్కు కూడా అప్పట్లో సంఘాలకు చట్టం ఇచ్చింది. మొదటి పుస్తకాల్లో ఆమె ప్రతి అడుగూ ఎందుకంత తడబాటుగా ఉంటుందో ఈ సంగతి తెలిస్తేనే అర్థమవుతుంది. దయ్యం సంగతి తర్వాత, ముందు సంఘపెద్ద అయిన చర్చి వార్డెన్ ఆమెను నమ్మాలి.

రోమన్ కాథలిక్ చర్చిలో ఇలాంటి కథ సాధ్యం కాదు. అక్కడ ఎక్సార్సిజానికి బిషప్ ప్రత్యేక అనుమతి పొందిన పురోహితుడే కావాలి, స్త్రీలకు పౌరోహిత్యం లేదు.

పిలుపు వచ్చిన దగ్గరనుంచి ఏం జరుగుతుంది?

ఇల్లు బాగాలేదు, ఎవరో తిరుగుతున్నారు అని ఒక కుటుంబం ఊరి పాదిరికి చెబుతుంది. ఆయన సొంతంగా ఏమీ చేయకుండా డయాసిస్ సలహాదారుకు ఫోన్ చేయాలి. ఇది మొదటి మెట్టు, ఎక్కువ గొడవలు ఇక్కడే మొదలవుతాయి. ఉత్సాహం ఆగని పాదిరి తనే నీళ్లు చల్లేసి పరిస్థితిని చెడగొట్టి, తర్వాత ఫోన్ చేస్తాడు.

మొదటి సారి వెళ్లేటప్పుడు ఇద్దరు వెళ్తారు. పగటిపూట వెళ్తారు. చేతిలో శిలువ పట్టుకుని గుమ్మం దాటరు, టీ తాగుతూ కూర్చుంటారు. అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి: ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, ఈమధ్య ఎవరైనా పోయారా, ఎవరైనా మందులు మొదలుపెట్టారా, మానేశారా, నిద్ర పడుతోందా, తాగుడుందా, ఆత్మలను పిలిచే వీజా బోర్డు లాంటిదేమైనా ఆడారా, ఎవరు మొదట చూశారు, ఒంటరిగా ఉన్నప్పుడా అందరూ ఉన్నప్పుడా. తర్వాత ఇల్లు చూస్తారు. పాత నీటిగొట్టాలు రాత్రి చల్లబడి టక్‌టక్ మంటాయి. పాడైన గ్యాస్ బాయిలరు, పొగగొట్టం మూసుకుపోయిన పొయ్యి నుంచి కార్బన్ మోనాక్సైడ్ లీకైతే తలనొప్పి, గుండెదడ, లేనివి కనిపించడం అన్నీ వస్తాయి, మనిషి చనిపోవచ్చు కూడా. కాబట్టి మొదటి సలహా చాలాసార్లు బాయిలరు మెకానిక్కును పిలవమనే. ఇది చిన్న సంగతిలా కనిపించినా కథ రాసేవారికి బంగారం. మామూలు వివరణలన్నీ ఒక్కొక్కటీ తొలగిపోయాక మిగిలిన దానికే పాఠకుడు భయపడతాడు.

వచ్చింది ఏ రకమో తేల్చుకోవడం తర్వాతి పని. ఈ పరిచర్యలో ఉన్నవారు సాధారణంగా కొన్ని తేడాలు చూస్తారు. ఒక చోట ఒకే దృశ్యం మళ్లీ మళ్లీ కనిపించి, చూసేవారిని పట్టించుకోకపోతే అది ఆ చోటు మోస్తున్న జ్ఞాపకం అంటారు. వస్తువులు ఎగరడం, తలుపులు కొట్టుకోవడం లాంటివైతే పోల్టర్‌గైస్ట్ అంటారు, ఆ ఇంట్లో ఒత్తిడిలో ఉన్న మనిషి ఎవరని వెతుకుతారు, తరచూ అది టీనేజీ పిల్లే అవుతుంది. చనిపోయినవారు నెమ్మది లేకుండా ఉన్నట్టు తోస్తే దానికి దారి వేరు. మనిషిని చెడ్డశక్తి పట్టడం అనేది జాబితాలో చిట్టచివర, చాలా అరుదు.

మందు కూడా ఆ మెట్ల ప్రకారమే. ముందు ఇంటివాళ్లతో కలిసి పరలోక ప్రార్థన, ఒక కీర్తన, ఇంటికి ఆశీర్వాదం. చిటికెడు ఉప్పును, నీటిని వేరువేరుగా ఆశీర్వదించి కలిపి గదిగదికీ చల్లుతారు. చాలా ఇళ్లు ఇక్కడితో నెమ్మదిస్తాయి. నెమ్మదించకపోతే అదే ఇంట్లో చనిపోయినవారి కోసం ప్రభుసంస్కారం జరుపుతారు. బల్ల మీద తెల్లగుడ్డ, చిన్న గిన్నె, రొట్టె, కొవ్వొత్తి, ఆ చనిపోయిన మనిషి పేరు. వెళ్లగొట్టడం కన్నా సాగనంపడం దీని ఉద్దేశం. రిక్‌మన్ రాసిన గొప్ప దృశ్యాల్లో చాలా భాగం ఈ సంస్కారం చుట్టూనే ఉంటాయి. మనిషి మీద చేసే పెద్ద ఎక్సార్సిజానికి మాత్రం ప్రతిసారీ బిషప్ అనుమతి కావాలి, మానసిక వైద్యుడి అభిప్రాయం కావాలి, సాయం పట్టేవాళ్లు కావాలి.

అన్నీ అయ్యాక మళ్లీ వెళ్తారు. వారానికి, నెలకు. ఈ చివరి మెట్టును సినిమాలు ఎప్పుడూ చూపించవు.

సంచిలో ఏముంటుంది?

తక్కువే. ప్రార్థన పుస్తకం, బైబిలు, మెడలో వేసుకునే స్టోలు, చిన్న సీసాలో నూనె, మరో సీసాలో నీళ్లు, ఉప్పు, చేతిలో పట్టే సంస్కారపు పెట్టె. భాష ఇంగ్లీషే. లాటిన్‌లో గర్జించే పాదిరి సినిమాల్లోవాడు, అదీ కాథలిక్కు. తనను కాపాడుకోవడానికి సెయింట్ ప్యాట్రిక్ కవచ ప్రార్థన చదువుకోవడం ఎక్కువ. క్రీస్తు నా ముందు, క్రీస్తు నా వెనక, నా పైన, నా కింద అని దిక్కులన్నీ చుట్టివచ్చే ప్రార్థన అది. ఆంజనేయ దండకం చదువుకుంటూ చీకట్లో నడిచిన పల్లెవాళ్లకు ఆ లయ వెంటనే పడుతుంది.

పోలీసులు ఆమె మాట వింటారా?

దెయ్యం గురించి వినరు, మనుషుల గురించి వింటారు. రిక్‌మన్ ఈ గీతను గట్టిగా పట్టుకున్నాడు. ఊళ్లో ఎవరికి ఎవరంటే పడదో, ఎవరి అంత్యక్రియలకు ఎవరు రాలేదో పాస్టరమ్మకు తెలుసు. ఇన్‌స్పెక్టరుకు అది కావాలి. ఆమెకు కలిగిన చలి, వాసన, కల ఏదీ కేసు డైరీలోకి ఎక్కదు.

పద్ధతి కూడా తెలుసుకోండి. ఇంగ్లండులో అనుమానపు చావు కరోనర్ అనే మరణ విచారణాధికారి పరిధిలోకి వెళ్తుంది. పట్టుకున్న మనిషిని ఆరోపణ లేకుండా మామూలుగా 24 గంటలు ఉంచవచ్చు. తీవ్రమైన నేరమైతే సూపరింటెండెంటు 36 గంటల దాకా పొడిగించవచ్చు, మేజిస్ట్రేటు కోర్టు మొత్తం 96 గంటల దాకా అనుమతించవచ్చు. ఈ గడియారం నవలకు మంచి వెన్నెముక.

చర్చి సరిహద్దులు, పోలీసు సరిహద్దులు ఒకటేనా?

కాదు, అందుకే ఈ ప్రాంతం కథలకు ఇంత అనువైంది. హెరిఫర్డ్ డయాసిస్‌లో హెరిఫర్డ్‌షైర్‌తో పాటు దక్షిణ ష్రాప్‌షైర్ కూడా ఉంది, అందుకే లడ్‌లో పట్టణంలో జరిగేది కూడా మెరిలీ పనే అవుతుంది. రెండు జిల్లాలకూ వెస్ట్ మెర్సియా పోలీసులే. వేల్స్‌లో ఉన్న ప్రెస్టీన్ పట్టణం చర్చి లెక్కలో హెరిఫర్డ్ కిందికే వస్తుంది, పోలీసు లెక్కలో మాత్రం డైఫెడ్ పోవిస్ వాళ్లది. హే-ఆన్-వై సంగతి వేరు. పుస్తకాల దుకాణాలతో పేరుపడ్డ ఆ ఊరు వేల్స్‌ది, డయాసిస్ కూడా వేల్స్‌దే. దాన్నానుకుని ఉన్న కసప్ మాత్రం ఇంగ్లండు, హెరిఫర్డ్ డయాసిస్. కాలిబాట మీద పది నిమిషాలు నడిస్తే అధికారులందరూ మారిపోతారు. 'ది మేగస్ ఆఫ్ హే' నవల ఈ గీత మీదే నిలబడింది.

కసప్‌కు నిజమైన నేరచరిత్ర కూడా ఉంది. హేలో వకీలుగా పనిచేసి కసప్‌లో కాపురమున్న హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ భార్యకు ఆర్సెనిక్ పెట్టి చంపినందుకు 1922లో ఉరికంబమెక్కాడు.

హంతకుడు పాదిరి దగ్గర ఒప్పుకుంటే?

ఇక్కడ రాసేవాళ్లు తరచూ జారిపోతారు. ఇంగ్లండు చర్చిలో పాపపు ఒప్పుకోలు సంస్కారం ఉంది, తక్కువమంది వాడతారు. ఆ సంస్కారంలో విన్నదాన్ని బయటపెట్టకూడదని 1603 చట్టాల్లోని 113వది చెబుతుంది, ఆ భాగం ఇప్పటికీ అమల్లో ఉంది. కానీ వంటింట్లో కాఫీ తాగుతూ చెప్పిన మాట ఒప్పుకోలు కాదు, దానికి ఆ ముద్ర లేదు. సంస్కారంలోనే చెప్పినా, నువ్వు పోలీసుల దగ్గరికి వెళ్లేదాకా పాపక్షమాపణ ఇవ్వను అనే అధికారం పాదిరికి ఉంది. దీన్ని సరిగా వాడుకుంటే, నోరు మెదపకుండా కూర్చున్న పాస్టరమ్మ కన్నా బలమైన దృశ్యం దొరుకుతుంది.

సమాధి తవ్వాలంటే ఎవరి అనుమతి?

ప్రతిష్ఠించిన నేలలో అయితే డయాసిస్ కోర్టు నుంచి 'ఫ్యాకల్టీ' అనే ఉత్తర్వు కావాలి. మామూలు నేలలో అయితే న్యాయ మంత్రిత్వశాఖ లైసెన్సు. నేర విచారణలో కరోనర్ ఆదేశించవచ్చు. రాత్రికి రాత్రి ఇద్దరు పారలు పట్టుకుని తవ్వేస్తే అదే ఒక నేరం. గోమర్ ప్యారీ లాంటి పొక్లెయిన్ మనిషి కథలో ఉంటే అధికారికంగా తవ్వేటప్పుడే ఏదో అనుకోనిది బయటపడేలా చేయవచ్చు, అది నమ్మశక్యంగా కూడా ఉంటుంది.

ఈ నవలల్లో జానపదం ఎంతవరకు నిజం?

చాలావరకు. రిక్‌మన్ స్థానిక చరిత్రను తవ్వకుండా ఒక్క నవలా మొదలుపెట్టినట్టు కనిపించదు. ఎల్లా మేరీ లెదర్ అనే ఆవిడ హెరిఫర్డ్‌షైర్ జానపదాలను సేకరించి 1912లో అచ్చువేసింది. ఈ నేల కథలకు అదే గని.

వాటిలో అందరూ అడిగేది బ్లాక్ వాన్ కథ. కింగ్టన్ దగ్గర హెర్జెస్ట్ కోర్ట్ యజమాని థామస్ వాన్ 1469లో యుద్ధంలో చనిపోయాడు. చచ్చాక పీడించడం మొదలుపెట్టాడట, ఎద్దు రూపంలో చర్చిలోకి కూడా వచ్చాడట. పన్నెండుమంది పాదిరీలు పన్నెండు కొవ్వొత్తులతో, పురిటిబిడ్డను ఎత్తుకున్న ఒక స్త్రీని వెంటపెట్టుకుని కూర్చుని చదివారు. కొవ్వొత్తులు ఒక్కొక్కటీ ఆరిపోతుంటే ఒక్క పాదిరి మాత్రం బెదరలేదు. ఆత్మ కుంచించుకుపోతూ చివరికి పొడుం డబ్బాలో పట్టింది. డబ్బాను హెర్జెస్ట్ చెరువు అడుగున పెద్ద రాయి కింద పాతిపెట్టారు. వాన్ సమాధి కింగ్టన్ చర్చిలో ఇప్పటికీ ఉంది. దయ్యాన్ని సీసాలో బంధించి మర్రిచెట్టు కింద పాతిన కథలు విన్న మనకు ఇది వింతగా అనిపించదు. 'ది ప్రేయర్ ఆఫ్ ది నైట్ షెపర్డ్'లో ఈ కథే మూలం.

మరొకటి లే లైన్లు. హెరిఫర్డ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ వాట్కిన్స్ పాత చర్చిలు, దిబ్బలు, నిలువురాళ్లు సరళరేఖల్లో ఉన్నాయని 1925లో ఒక పుస్తకం రాశాడు. ఆయన చెప్పింది పాత కాలిబాటల గురించి. శక్తి ప్రవాహాలన్నది తర్వాతివాళ్లు చేర్చినది. పురావస్తు శాస్త్రవేత్తలు రెండింటినీ ఒప్పుకోరు. జేన్ మాత్రం గట్టిగా నమ్ముతుంది, ఆమె నమ్మకం కథను నడుపుతుంది. మెరిలీ ఇంటిపేరు కూడా అదే కావడం గమనించండి.

గార్వేలో మధ్యయుగపు టెంప్లార్ మతయోధుల చర్చి, మాల్వర్న్ కొండల్లో ఇంగ్లీషు స్వరకర్త ఎల్గార్ సంగీతం, ఫ్రోమ్ లోయలో బీరులో వేసే హాప్ కాయలు ఆరబెట్టే బట్టీలు ఒక్కో నవలకు నేపథ్యం అయ్యాయి. చూడ్డానికి వెళ్లేవారు కిల్‌పెక్ చర్చిని కూడా వదలొద్దు. 12వ శతాబ్దపు రాతి చెక్కడాలు, ఎర్ర ఇసుకరాయి, ఎనిమిది వందల ఏళ్లకు పైబడినా ముక్కూమొహం చెదరలేదు.

టీవీ సీరియల్ చూస్తే సరిపోతుందా?

సరిపోదు. 2015లో బ్రిటన్ టీవీ ఛానల్ ఐటీవీ రెండో నవలను మూడు భాగాలుగా తీసింది. మెరిలీగా ఆనా మాక్స్‌వెల్ మార్టిన్, హ్యూ ఓవెన్‌గా డేవిడ్ త్రెల్‌ఫాల్. ఇద్దరూ చక్కగా చేశారు. ఊరు మాత్రం కనపడదు. వందల పేజీల పల్లె తగాదాలు, చర్చి కమిటీ మీటింగులు తీసేస్తే మిగిలేది భయం ఒక్కటే, ఈ నవలలు దాని మీద నిలబడినవి కావు.

రాసేవాళ్లు చేసే తప్పులేంటి?

పాస్టరమ్మకు మరీ ఎక్కువ శక్తి ఇవ్వడం మొదటిది. ఆమె శిలువ ఎత్తగానే దయ్యం పారిపోతే కథ పదో పేజీలో అయిపోతుంది. ఆమెకు అధికారం ఉంది గానీ అది బిషప్ ఇచ్చింది, వెనక్కి తీసుకోవచ్చు. ఆమెకు నమ్మకం ఉంది గానీ సోమవారం ఉదయానికి సన్నగిల్లుతుంది. మెరిలీని మనం నమ్మేది అందుకే.

రెండోది మామూలు పనిని మర్చిపోవడం. డెలివరెన్స్‌కు వేరే జీతం ఉండదు. ఆమె ఆదివారం ఆరాధనలు జరపాలి, పెళ్లిళ్లు చేయాలి, సమాధి కార్యక్రమాలు చూడాలి, చర్చి పైకప్పు కారితే డబ్బులు పోగుచేయాలి. హత్య విచారణ మధ్యలో ఒక బాప్తిస్మం ఉంటే కథ ఊపిరి పీలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఆత్మ చేత హంతకుడి పేరు చెప్పించడం. ఆ క్షణంలోనే నేరకథ చచ్చిపోతుంది. ఆత్మ చేయగలిగింది ఒకే ఒక్కటి, పాస్టరమ్మను సరైన ఇంటి గుమ్మం ముందు నిలబెట్టడం. లోపలికి వెళ్లి అడగాల్సింది, వినాల్సింది, రశీదు కాగితం చూడాల్సింది మనుషులే. అదే కాగితాన్ని దెయ్యం ప్రస్తావన లేకుండా కూడా దొరికేలా రాయగలిగితే కట్టడం గట్టిగా ఉన్నట్టు.

తెలుగు నేల మీద ఇలాంటి నవల కుదురుతుందా?

బ్రహ్మాండంగా కుదురుతుంది, దానికి కావలసినవి ఇక్కడ ఉన్నాయి. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా 1947లో ఏర్పడినప్పుడు ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయపు, సంఘాలు అందులో కలిశాయి. డోర్నకల్ బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన వి. ఎస్. అజరయ్య మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్. 2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత బిషప్ అయ్యారు, ఇంగ్లండు చర్చిలో మొదటి మహిళా బిషప్ వచ్చింది 2015లో. కాబట్టి రాయలసీమ పల్లె పాస్టరేట్‌లో ఒక పాస్టరమ్మను నిలబెట్టడానికి కల్పన మీద భారం వేయనక్కరలేదు. చాలా సంఘాల్లో అమ్మగారు అంటే పాస్టరు గారి భార్య. పాస్టరే అమ్మగారైతే ఊరు ఆమె భర్తను ఏమని పిలుస్తుంది అన్న చిన్న ఇబ్బందిలోంచే ఒక అధ్యాయం పుడుతుంది.

విడుదల కూడికలు మన దగ్గర బహిరంగం. స్వతంత్ర సంఘాల పాస్టర్లు, దర్గా, భూతవైద్యుడు, గుడి, ప్రభుత్వాసుపత్రి అన్నీ ఒకే కుటుంబం ఒకే నెలలో తిరిగే చోట్లు. డయాసిస్ అనుమతి కోసం ఆగే పాస్టరమ్మకు ఇక్కడ పోటీ ఎక్కువ, ఒత్తిడి కూడా ఎక్కువే. ఇంగ్లండు నవలకు లేని ఈ సందడిని తీసేయకండి.

పోలీసు పద్ధతి మన చట్టం ప్రకారమే రాయండి. అనుమానాస్పద మృతికి 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద విచారణ జరుగుతుంది, అంతకుముందు అది సీఆర్‌పీసీ 174. పాతిపెట్టిన శవాన్ని తీయాలంటే మేజిస్ట్రేటు ఆదేశం ఉండాలి, తహసీల్దారు నిలబడి పంచనామా రాయిస్తారు. పాస్టరుకు చెప్పుకున్న రహస్యానికి మన సాక్ష్య చట్టంలో ప్రత్యేక రక్షణ లేదు, కోర్టు అడిగితే చెప్పాల్సిన పరిస్థితి రావచ్చు. ఇంగ్లండు కథలోని ముడిని ఇక్కడికి ఉన్నదున్నట్టు తేవద్దు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన, తగలబెట్టిన ఘటనలు మన రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. బలైనవాళ్లలో చాలామంది ఒంటరి ఆడవాళ్లు, వృద్ధులు, ఆస్తి తగాదాలో ఉన్నవాళ్లు. 1980ల క్షుద్ర నవలల మీద మన విమర్శకులు పెద్ద యుద్ధం చేయడానికి ఒక కారణం ఇదే, కథలో మంత్రం నిజమైతే ఊళ్లో అనుమానం కూడా నిజమవుతుందేమోనన్న భయం. కాబట్టి మీ కథలో ఫలానా ముసలమ్మే చేతబడి చేసింది అన్న ఆరోపణ ఎక్కడా నిజం కాకూడదు. ఆత్మ ఉండొచ్చు, చలి ఉండొచ్చు, రాత్రి గంట దానంతటదే మోగొచ్చు. ఆ ముసలమ్మ మీదికి ఊరు కర్రలతో వస్తే మీ పాస్టరమ్మ చేయాల్సిన మొదటి పని ఆమెను తన ఇంట్లోకి తీసుకుని తలుపు గడియ వేసి పోలీసులకు ఫోన్ చేయడం. ప్రార్థన ఆ తర్వాత. ఆ అరెకరం పొలం ఎవరి పేరు మీదికి మారిందో పాస్‌బుక్కు, అడంగల్ తెప్పించి ఎస్సై చూడడం అక్కణ్ణించి మొదలవ్వాలి.